గూడబాతు కొలతలు

నన్నడిగితే ఆ పక్షి చరిత్ర
కాలేజీ గోడ మీద రాయించింది కాదు,
మా కొలతల పుస్తకంలో ఉన్నది.

డెబ్బై నాలుగు. బాల్ బ్యాడ్మింటన్ ఫైనల్.
మనవాళ్లు ఇరవై ఒకటి, తెనాలి వాళ్లు ఇరవై ఎనిమిది.
ఇంకొక్క పాయింటు, ఆ తర్వాత మూటాముల్లె సర్దుకోవడమే.
అప్పుడు ఉప్పలపాడు వైపు నుంచి దారితప్పి
ఒక గూడబాతు మట్టికోర్టులో దిగింది,
పిలవని పేరంటమైనా పెద్దరికం తగ్గకుండా.
ఎవరు అదిలించినా కదల్లేదు.
సంచిముక్కు ఊపుకుంటూ నెట్టు పక్కనే అర్ధగంట.
ఆ అర్ధగంటలో మనవాళ్లకు ఊపిరందింది,
తెనాలి వాళ్ల ఒళ్లు చల్లబడింది.
మిగతాది మీకు తెలుసు. తెలియకపోయినా
గుంటూరులో ఎవరో ఒకరు చెబుతారు,
చెప్పినప్పుడల్లా స్కోరు మారుతుంది.

మర్నాడు డ్రిల్లు మాస్టారు ఆశీర్వాదం గారు
లాలాపేటలో మా కొట్టుకొచ్చి
"సుభానీ, ఒక పక్షిని కుట్టాలయ్యా" అన్నారు.
మా నాన్న అడిగింది ఒకటే: "లైనింగు వెయ్యాలా?"

రెండు హాస్టలు దుప్పట్లు, మూడు కిలోల బూరుగుదూది,
ముక్కుకి మంచం నవారు, వెదురుబద్దలు.
కళ్లు మాత్రం ఆ రోజు ఆడిన పసుపుపచ్చ ఉన్నిబంతులు.
ఒకటి బాగుంది, ఒకటి చిరిగింది,
అందుకే దానికి కొంచెం మెల్ల.

మొదట లోపల దూరింది ఏసుపాదం. ఛాతీ ముప్పై నాలుగు.
మిర్చి సీజన్లో మ్యాచి పడితే
యార్డు వైపు గాలికి లోపల తుమ్ములే తుమ్ములు.
జనం అది డాన్సనుకుని ఈలలేశారు.
తర్వాతొచ్చిన కుర్రాళ్లంతా
జలుబు లేకపోయినా అలాగే ఎగిరారు.

పక్షికి పరపతి పెరిగింది.
పోలియో చుక్కల ఊరేగింపులో ముందు నడిచింది.
శంకర్ విలాస్ సెంటర్లో నిలబడి
హెల్మెట్ పెట్టుకోండని చెప్పింది, తన తలకేదీ పట్టదు.
ఫీజుల సమ్మెలో లాఠీదెబ్బ తిన్నది.
ఆ రాత్రి స్టేషను రిజిస్టర్లో
పేరు: గూడబాతు. తండ్రి పేరు: చెప్పలేదు.
వీపు మీద చిరుగు పదకొండంగుళాలు.
అప్పటికి మిషను మీద కూర్చునేది నేనే. డబ్బు తీసుకోలేదు.

తొంభై మూడులో ఒక సాయంత్రం
డ్రస్సు బిగించమని తెచ్చారు.
భుజం పద్నాలుగు. నడుము ఇరవై ఆరు.
తల లోపల కొబ్బరినూనె వాసన,
ముక్కుసంచిలో ఒక హెయిర్‌పిన్ను.
తలెత్తి చూశాను. ఆ పిల్లా చూసింది.

సువార్త. మగపిల్లల కన్నా బలంగా కొడుతుందట.
ఆడపిల్లలకి టీము లేదు,
అందుకని కోర్టుకి అంత దగ్గరగా నిలబడ్డానికి
రెక్కలు తొడుక్కుంది.
"నా టేపుకి నోరు లేదమ్మా" అన్నాను.
పుస్తకంలో 'పక్షి' అని మాత్రం రాసుకున్నాను.

ఆ ఏడంతా
బంతి ఎక్కడ పడబోతోందో
పక్షి ముందే అటు తిరిగేది.
ఎవరూ గమనించలేదు.
ఆశీర్వాదం గారు గమనించారేమో,
రిటైరయ్యే ముందు ఒక కాగితం పట్టుకుని
సంతకాల కోసం తిరిగారు.
ఆడపిల్లల టీము రావడానికి మూడేళ్లు పట్టింది.
అప్పటికి సువార్త సత్తెనపల్లిలో నర్సు.

ఇప్పుడు కాలేజీకి సింహం ఉంది.
బెజవాడ నుంచి తెప్పించారు, ఫ్యాను పెడితే ఉబ్బుతుంది,
కరెంటు పోతే మోకాళ్ల మీద పడుతుంది.
దానికి కొలతలక్కర్లేదు. లోపలెవరూ ఉండరు.

పాత తల మా కొట్లో మేకుకి వేలాడుతోంది.
ముక్కుసంచిలో గుండీలు, సుద్దముక్కలు, బాబిన్లు.
తొందరలో చెయ్యి పెడితే
ఇప్పటికీ ఆ పిన్ను గుచ్చుకుంటుంది.

ఆ కన్ను సరిచెయ్యరాదా, అంటారు వచ్చినవాళ్లు.
సూది చేతిలోనే ఉంటుంది.
స్కూళ్లు తెరిచే రోజులు కదండీ, అంటాను,
యూనిఫారాలు ముందు.